లూసర్న్ – మొక్కజొన్న: రెండు మేతపైర్ల పొత్తు చరిత్ర

పాడి, పంట అనే రెండు మాటలను మన భాష జంటగానే పలుకుతుంది. పంట లేనిదే పశువుకు మేత లేదు. పశువు లేనిదే, మొన్న మొన్నటి వరకు, పొలానికి ఎరువూ లేదు, దుక్కీ లేదు. ఈ రెండింటిని కలిపి వుంచినవి మేతపైర్లు. రాజుల చరిత్ర చదివినంత శ్రద్ధగా మనం మేతపైర్ల చరిత్రను చదవము. కాని అందులోనూ దండయాత్రలున్నాయి, సముద్రయానాలున్నాయి, శాస్త్రజ్ఞుల మధ్య యాభై యేళ్ళు తెగని వివాదమున్నది.

పాలిచ్చే పశువుకు మేతలో ముఖ్యంగా రెండు కావాలి. శక్తినిచ్చే పిండి పదార్థాలు, చక్కెరలు ఒకటి. కండకూ పాలకూ మూలమైన మాంసకృత్తులు రెండవది. మొదటిదానికి మొక్కజొన్న పేరు పొందినది. రెండవదానికి లూసర్న్ పేరు పొందినది. తేమ తీసివేసి లెక్కవేస్తే, పూత తొలిదశలో కోసిన లూసర్న్‌లో మాంసకృత్తులు నూటికి 18 నుంచి 20 పాళ్ళు వుంటాయి. మొక్కజొన్న పచ్చిమేతలో అవి 8 పాళ్ళ ప్రాంతంలో వుంటాయి. కాబట్టి ఈ రెండు పైర్లనూ కలిపి పెంచితే ఒకదాని లోటును మరొకటి తీరుస్తుంది గదా అనే ఆలోచన ఎవరికైనా కలుగుతుంది.

ఈ ఆలోచనకు పాఠ్యపుస్తకంలోని ఒక వాక్యం బలం చేకూరుస్తుంది. పప్పుజాతి మొక్కలు గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తాయి, అందువల్ల వాటి పక్కన పెరిగే ధాన్యపు జాతి మొక్క లాభపడుతుంది అని మనం తరగతిలో చెబుతాము. విద్యార్థి వ్రాసుకుంటాడు. పరీక్షలో మార్కులూ వస్తాయి. కాని పక్కనున్న మొక్కకు నిజంగా ఎంత దక్కుతుంది? ఎప్పుడు దక్కుతుంది? ఈ ప్రశ్నకు చరిత్ర చెప్పే సమాధానం పాఠ్యపుస్తకపు వాక్యమంత సులభమైనది కాదు. ఆ వాక్యాన్ని నమ్మి ఎరువు మానివేసే రైతుకు దానివల్ల నష్టం కూడా కలుగవచ్చు. అందుచేత ఈ కథను మొదటి నుంచి చెప్పుకోవడం అవసరం.

గుర్రాల వెంట నడిచిన మేత

లూసర్న్ జన్మస్థానం నేటి ఇరాన్, కాకసస్ పర్వతాలు, తూర్పు టర్కీ ప్రాంతం. దీని శాస్త్రీయనామం మెడికాగో సటైవా. ఈ పేరు చూసి ఇదేదో వైద్యానికి సంబంధించినదని పొరబడకూడదు. మీడియా అనే ప్రాచీన దేశం నుంచి వచ్చినది అని దాని అర్థం. పారశీక చక్రవర్తి డేరియస్ గ్రీసుపైకి సైన్యాలను పంపిన కాలంలో, అంటే క్రీ.పూ. 5వ శతాబ్దపు ఆరంభంలో, ఈ మొక్క గ్రీసుకు చేరినదని రోమన్ రచయిత ప్లినీ వ్రాశాడు. అశ్వసైన్యానికి మేత కావాలి. సైన్యం ఎక్కడికి పోతే మేత విత్తనమూ అక్కడికి పోయింది.

ప్రాచీన పారశీకంలో దీనిని అస్పస్త్ అనేవారు. గుర్రపు మేత అని ఆ మాటకు అర్థం. అదే అరబ్బీలో ఫస్ఫసా అయినది. అరబ్బుల ద్వారా స్పెయిన్ చేరి, అక్కడ ఆల్ఫాల్ఫా అయినది. తమిళంలో దీనిని కుదిరై మసాల్ అంటారు. ఆ పేరులో కూడా గుర్రం వున్నది.

తూర్పు దిక్కున చైనా చరిత్రలోనూ గుర్రమే దీనికి దారి చూపినది. హాన్ వంశపు చక్రవర్తి వూ పంపిన రాయబారి జాంగ్ చియన్ మధ్య ఆసియా తిరిగి క్రీ.పూ. 126లో స్వదేశం చేరాడు. ఫెర్గానా లోయలోని మేలుజాతి గుర్రాలను గురించి చక్రవర్తికి చెప్పాడు. ఆ తరువాత చైనా రాయబారులు గుర్రాలతోపాటు లూసర్న్ విత్తనాలనూ, ద్రాక్షనూ తెచ్చి రాజధాని పరిసరాల్లో నాటించారు.

క్రీ.శ. 1వ శతాబ్దంలో రోమన్ వ్యవసాయ రచయిత కొలుమెల్లా ఈ పైరును మిక్కిలి మెచ్చుకున్నాడు. ఒకసారి విత్తితే పదేళ్ళు వుంటుందనీ, ఏడాదికి నాలుగు నుంచి ఆరు కోతలు ఇస్తుందనీ, చిక్కిన పశువును బాగుచేస్తుందనీ, ఒక యూగెరం నేల, అనగా మన లెక్కలో అరవై సెంట్ల పైచిలుకు, మూడు గుర్రాలకు ఏడాది పొడుగునా మేత ఇస్తుందనీ వ్రాశాడు. నేలకు ఇది ఎరువు కూడా అవుతుందని ఆయన గుర్తించాడు. ఎందువల్ల అవుతుందో తెలియడానికి మరి 18 శతాబ్దాలు పట్టింది.

సముద్రానికి అవతల

మొక్కజొన్నది పూర్తిగా వేరొక ప్రపంచం. దక్షిణ మెక్సికోలో బాల్సాస్ నది లోయలో, సుమారు 9,000 యేళ్ళ క్రితం, టియోసింటి అనే అడవి గడ్డి నుంచి అక్కడి ప్రజలు దీనిని సాగులోకి తెచ్చారు. వారు మొక్కజొన్నను ఒంటరిగా పెంచలేదు. దాని కాండానికి చిక్కుడుజాతి తీగను పాకించి, మొదళ్ళ వద్ద గుమ్మడిని పరచి, మూడింటినీ ఒకే చేనులో పెంచారు. ధాన్యపు జాతి మొక్కతో పప్పుజాతి మొక్కను జతచేయడం అమెరికా ఆదిమ ప్రజలకు వేల యేళ్ళనాడే తెలుసునన్నమాట. అయితే అక్కడ ఆవులు లేవు, గుర్రాలు లేవు. కాబట్టి వారి జత మనిషి ఆహారం కోసమే. మేత కోసం పప్పుజాతి పైరును పెంచవలసిన అవసరం వారికి రాలేదు.

1492 తరువాత కథ మారింది. మొక్కజొన్న ఐరోపాకు వచ్చింది. అక్కడి నుంచి ఆసియా, ఆఫ్రికా ఖండాలకు వ్యాపించింది. 16వ శతాబ్దంలో స్పెయిన్ వారు తమ పశువులనూ, గుర్రాలనూ, వాటి వెంట ఆల్ఫాల్ఫాను మెక్సికో, పెరూ దేశాలకు కొనిపోయారు. ఆ విధంగా పాత ప్రపంచపు మేత, కొత్త ప్రపంచపు ధాన్యం ఒకే నేలపై కలుసుకున్నాయి. 1850 ప్రాంతంలో, బంగారం కోసం జనం కాలిఫోర్నియాకు పోటెత్తిన రోజుల్లో, చిలీ దేశం నుంచి ఆల్ఫాల్ఫా విత్తనం అక్కడికి చేరి నీటిపారుదల భూముల్లో బాగా నాటుకొన్నది.

కాని అమెరికాలో మొక్కజొన్నకు పుట్టినిల్లు వంటి మధ్యపశ్చిమ రాష్ట్రాల్లో అది బ్రతకలేదు. అక్కడి శీతకాలపు మంచు దానిని చంపివేసేది. ఈ చిక్కును విడదీసినవాడు శాస్త్రజ్ఞుడు కాదు, ఒక రైతు. జర్మనీలోని బాడెన్ ప్రాంతం నుంచి 1857లో మిన్నెసోటాకు వలస వచ్చిన వెండెలిన్ గ్రిమ్ తన వెంట కొద్ది కిలోల లూసర్న్ విత్తనం తెచ్చుకున్నాడు. ప్రతి చలికాలమూ చాలా మొక్కలు చచ్చిపోయేవి. బ్రతికిన వాటి విత్తనాన్నే ఆయన మరల మరల విత్తాడు. ఎన్నో యేళ్ళు గడిచేసరికి మంచును తట్టుకొనే రకం ఒకటి ఆయన పొలంలో నిలిచింది. డార్విన్ గ్రంథం అచ్చయినది 1859లో. ఆ గ్రంథంలో చెప్పిన ఎంపిక దాదాపు అదే కాలంలో ఒక రైతు చేనులో జరుగుతూ వుండటం మనం తరగతిలో చెప్పుకోదగిన ఉదాహరణ.

గ్రిమ్ పశువులు పుష్టిగా వుండటం చూసి, మొక్కజొన్న గింజలు పెడుతున్నావా అని పొరుగువాడైన లైమన్ అడిగాడనీ, ఒక్క గింజ కూడా పెట్టలేదు, ఎన్నటికీ చావని ఈ మేతే పెడుతున్నానని గ్రిమ్ బదులు చెప్పాడనీ అంటారు. ఈ లైమనే 1900 ప్రాంతంలో ఆ రకాన్ని మిన్నెసోటా విశ్వవిద్యాలయం దృష్టికి తెచ్చాడు. అప్పటి నుంచి గ్రిమ్ ఆల్ఫాల్ఫా ఉత్తర అమెరికా చలిప్రాంతాలన్నింటికీ పాకింది. మొక్కజొన్నా లూసర్న్ పక్కపక్క పొలాల పైర్లు అయినవి అప్పుడే.

నత్రజని చిక్కుముడి

ఇక లూసర్న్ నేలకు ఎరువెట్లా అవుతుందనే ప్రశ్నకు వద్దాము. ఫ్రాన్సులో బూసింగో అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1830ల చివరలో ఆల్సేస్ ప్రాంతంలోని బెషెల్‌బ్రాన్ వద్ద తన పొలాన్నే ప్రయోగశాలగా చేసుకున్నాడు. పొలంలోకి పోయిన ఎరువులో నత్రజని ఎంత, బయటికి వచ్చిన పంటలో ఎంత అని తూచి లెక్కకట్టాడు. క్లోవర్, బఠాణీ వంటి పప్పుజాతి పైర్లు వున్నచోట నత్రజని పెట్టినదానికన్నా ఎక్కువ వచ్చింది. గోధుమ, ఓట్లు వేసినచోట అట్లా రాలేదు. అదనపు నత్రజని గాలి నుంచే రావాలి. కాని 1850లలో ఆయనే మరింత కట్టుదిట్టంగా కుండీలలో ప్రయోగాలు చేసినప్పుడు ఆ లాభం కనబడలేదు.

ఇంగ్లండులో రోథాంస్టెడ్ పరిశోధనా క్షేత్రంలో లాస్, గిల్బర్ట్ అనేవారు, అమెరికా నుంచి వచ్చిన ప్యూ అనే యువకునితో కలసి 1857లో ఈ విషయాన్ని తేల్చడానికి పూనుకున్నారు. మట్టిని బాగా కాల్చారు. మొక్కలను గాజు గంటల కింద పెంచారు. లోపలికి పోయే గాలిలో అమ్మోనియా జాడ కూడా లేకుండా శుభ్రపరచారు. ఫలితం స్పష్టంగా వచ్చింది: ఏ మొక్కా గాలిలోని నత్రజనిని పట్టుకొనలేదు, పప్పుజాతి మొక్క కూడా పట్టుకొనలేదు. ప్రయోగంలో దోషం కనబడదు. కాని పొలంలో రైతు చూస్తున్నది వేరు. పొలం నిజమా, ప్రయోగశాల నిజమా?

ఈ ముడి 1886లో విడిపోయింది. జర్మనీలో బెర్న్‌బుర్గ్ వద్ద పనిచేస్తున్న హెల్‌రీగెల్, ఆయన సహచరుడు విల్ఫార్త్, నత్రజని ఏమాత్రం లేని ఇసుకలో ఓట్లు, బఠాణీలు పెంచారు. ఓట్ల ఎదుగుదల వేసిన నైట్రేటుకు తగినట్లు వున్నది. నైట్రేటు లేకపోతే ఎదుగుదలా లేదు. బఠాణీల తీరు విచిత్రంగా వున్నది. ఒక కుండీలో మొక్క ఆకలితో ఎండిపోతే, పక్క కుండీలో అదే ఇసుకలో ఏపుగా పెరిగింది. ఏపుగా పెరిగిన మొక్కల వేళ్ళను చూస్తే వాటికి బుడిపెలు వున్నాయి. ఎండిన వాటికి లేవు. సూక్ష్మజీవులు లేకుండా కాల్చిన ఇసుకలో పెంచిన బఠాణీకి కొద్దిగా పొలం మట్టి కలిపిన నీటిని పోస్తే బుడిపెలు వచ్చాయి, మొక్క కోలుకొన్నది. ఆ నీటినే మరగించి పోస్తే ఏమీ జరుగలేదు. అనగా గాలి నుంచి నత్రజనిని పట్టేది మొక్క ఒక్కటే కాదు. మట్టిలోని ఒక సూక్ష్మజీవి మొక్క వేరులో కాపురముండి ఆ పని చేస్తున్నది.

రోథాంస్టెడ్‌లో దోషం ఎక్కడ వున్నదో అప్పుడు తెలిసింది. వారి శుభ్రతే వారికి అడ్డమైనది. మట్టిని కాల్చినప్పుడు సూక్ష్మజీవులు కూడా కాలిపోయినవి. వారు తరువాత ఆ ప్రయోగాలను మరల చేసి, హెల్‌రీగెల్ చెప్పినది నిజమని నిర్ధారించారు. 1888లో హాలండు శాస్త్రజ్ఞుడు బైయెరింక్ ఆ సూక్ష్మజీవిని విడిగా పెంచి చూపాడు. 1896లో జర్మనీలో ఆ సూక్ష్మజీవులను నైట్రాజిన్ అనే పేరుతో అమ్మడం కూడా ప్రారంభమైనది. ఒక్కొక్క పప్పుజాతి మొక్కకు తగిన సూక్ష్మజీవి వేరుగా వుంటుందని క్రమంగా తెలిసింది. లూసర్న్‌కు సరిపోయేది వేరుసెనగకు సరిపోదు. అందుకే లూసర్న్ ఎన్నడూ వేయని నేలలో దానిని మొదటిసారి విత్తేటప్పుడు విత్తనానికి తగిన జీవన ఎరువు పట్టించాలంటారు.

పక్క మొక్కకు దక్కేదెంత?

గాలి నత్రజని లూసర్న్‌లోకి వచ్చింది. దాని పక్కనున్న మొక్కజొన్నకు అది ఎట్లా చేరుతుంది? ఫిన్లండు శాస్త్రజ్ఞుడు విర్టానెన్ 1920లలోనూ 1930లలోనూ ఈ ప్రశ్నను చేపట్టాడు. ఇతర సూక్ష్మజీవులు లేని ఇసుకలో బఠాణీని, ధాన్యపు మొక్కను ఒకే కుండీలో పెంచాడు. నత్రజని ఎరువు ఏమీ లేకున్నా ధాన్యపు మొక్క పెరిగింది. బఠాణీ వేళ్ళు నత్రజని కలిగిన అమైనో ఆమ్లాలను ఇసుకలోకి విసర్జిస్తున్నాయని ఆయన చెప్పాడు. పప్పుజాతి మొక్క తన పొరుగును పోషిస్తుందనే మాట బాగా ప్రచారంలోకి రావడానికి ఈ ప్రయోగాలు చాలావరకు కారణం.

కాని ఇతర దేశాల్లో ఈ ప్రయోగాన్ని మరల చేసినవారికి ఫలితం నిలకడగా రాలేదు. అమెరికాలోని విస్కాన్సిన్‌లో విల్సన్, ఆయన సహచరులు ఒకప్పుడు విసర్జనను చూశారు, చాలాసార్లు చూడలేదు. పగటి పొడవు, వేడిమి, మొక్క ఎంత చక్కెర తయారుచేసుకుంటున్నది అనే వాటిని బట్టి ఇది మారుతుందని వారు అభిప్రాయపడ్డారు. తరువాత బరువు ఎక్కువైన నత్రజని ఐసోటోపు వాడుకలోకి వచ్చింది. ఒక మొక్కలోని నత్రజనికి గుర్తు వేసి, అది పక్క మొక్కలో ఎంత కనబడుతుందో కొలిచే వీలు కలిగింది. అట్లా కొలిచినవారు మొత్తం మీద తేల్చినది ఇది: రెండు మొక్కలూ బ్రతికి పక్కపక్కన పెరుగుతున్న ఒకే పంటకాలంలో చేతులు మారే నత్రజని సాధారణంగా కొద్ది. పాత వేళ్ళు, బుడిపెలు, రాలిన ఆకులు మట్టిలో కుళ్ళినప్పుడే ఎక్కువ భాగం విడుదల అవుతుంది.

జంటపైరులో మరొక రకపు లాభమున్నది. పప్పుజాతి మొక్క గాలి నుంచి తెచ్చుకుంటున్నది కాబట్టి నేలలోని నైట్రేటును తక్కువగా తీసుకుంటుంది. మిగిలినది ధాన్యపు మొక్కకు దక్కుతుంది. ఇది దానం కాదు, పొదుపు. పాఠ్యపుస్తకపు వాక్యంలో ఈ తేడా కనబడదు.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేసి చూడాలి. హెక్టారుకు ఏడాదికి 10 టన్నుల ఎండుమేత బరువున్న లూసర్న్ కోశామనుకుందాము. మాంసకృత్తులు నూటికి 18 పాళ్ళు అనుకుంటే అవి 1,800 కిలోలు. మాంసకృత్తులలో నత్రజని నూటికి సుమారు 16 పాళ్ళు. అంటే 288 కిలోల నత్రజని మేతతోపాటు పొలం దాటిపోయింది. ఆ మేత తిన్న పశువుల పేడ, మూత్రం తిరిగి అదే పొలానికి చేరితేనే అందులో కొంత భాగం తిరిగి వస్తుంది. మేత కోసి పట్టణంలో అమ్ముకునే రైతు, లూసర్న్ వేశాను గనుక నేల దానంతటదే బలపడుతుందని అనుకుంటే లెక్క తప్పుతుంది. వేళ్ళలోనూ మోళ్ళలోనూ మిగిలినదే నేలకు మిగులు.

చేనులో పోటీ

నత్రజని మాట అట్లా వుంచి, ఒకే చేనులో ఈ రెండు మొక్కల సహజీవనాన్ని చూద్దాము. మొక్కజొన్న మనిషిని మించి పెరుగుతుంది, వెడల్పు ఆకులతో వెలుతురును పైనే పట్టుకొంటుంది. లూసర్న్ లేత దశలో నిదానంగా పెరుగుతుంది, నీడను ఓర్చుకోలేదు. బాగా నాటుకొన్న లూసర్న్ వేళ్ళు మూడు నాలుగు మీటర్ల లోతుకు కూడా పోయి నీటిని పీల్చుకుంటాయి. అప్పుడు నీటి కొరత మొక్కజొన్నకు. లూసర్న్ ముదిరితే మొక్కజొన్నకు కష్టం, మొక్కజొన్న దట్టమైతే లూసర్న్‌కు కష్టం. పైగా లూసర్న్‌ను నెలకొకసారి కోయాలి. మొక్కజొన్నను ఒకేసారి కోయాలి.

ఇటువంటి జంటలను కొలవడానికి ఒక మంచి కొలబద్ద మన హైదరాబాదు పక్కన పటాన్‌చెరులో 1972లో స్థాపించిన ఇక్రిశాట్ సంస్థలో బాగా వాడుకలోకి వచ్చింది. అక్కడ పనిచేసిన విల్లీ, జంటపైర్ల లాభనష్టాలను భూమి సమతుల్య నిష్పత్తితో పరిశీలించాడు. ఉదాహరణకు విడిగా వేసినప్పుడు ఎకరానికి జొన్న 10 బస్తాలు, కంది 5 బస్తాలు పండుతాయనుకుందాము. కలిపి వేసినప్పుడు అదే ఎకరంలో జొన్న 8, కంది 3 బస్తాలు పండితే, జొన్న వాటా 0.8, కంది వాటా 0.6. మొత్తం 1.4. అంటే ఆ దిగుబడిని విడివిడిగా తీయాలంటే 1.4 ఎకరాలు కావాలి. నిష్పత్తి ఒకటిని మించితే పొత్తు లాభం, తగ్గితే నష్టం.

తెలంగాణలోనూ రాయలసీమలోనూ మన రైతు తరతరాలుగా వేస్తున్న జొన్న–కంది జంట ఎందుకు నెగ్గుతుందో ఈ కోణం నుంచి చూస్తే అర్థమవుతుంది. జొన్న త్వరగా పెరిగి మూడున్నర నెలల్లో కోతకు వస్తుంది. అంతవరకు కంది నిదానంగా వుండి, జొన్న కోసిన తరువాత పుంజుకొంటుంది. ఇద్దరూ ఒకే పళ్ళెంలో తిన్నా ఒకేసారి తినరు. లూసర్న్–మొక్కజొన్న జంటలో ఈ వంతుల ఏర్పాటు సహజంగా లేదు.

అయినా ప్రయత్నం ఆగలేదు. లూసర్న్ విత్తిన మొదటి ఏడు దిగుబడి తక్కువ. ఆ ఏడు దాని మీద మొక్కజొన్న పండించి, పాతర వేయడానికి కోసుకుని, రెండవ ఏటికి సిద్ధమైన లూసర్న్ చేనును పొందవచ్చునా అని విస్కాన్సిన్‌లోని మాడిసన్‌లో వున్న అమెరికా పాడిపశువుల మేత పరిశోధనా కేంద్రంవారు 2010ల నుంచి పరిశీలించారు. నీడలో లూసర్న్ మొక్కలు సన్నగా సాగి, తెగుళ్ళకు లోనై చావడమే వారికి ఎదురైన ముఖ్యమైన ఆటంకం. మొక్కల సాగుదలను తగ్గించే ప్రోహెక్సాడయోన్ అనే మందును తగిన సమయంలో చల్లితే ఎక్కువ మొక్కలు నిలిచాయి. మొక్కజొన్న దిగుబడి మాత్రం కొంత తగ్గింది. అంటే ఈ జంట అసాధ్యం కాదు, కాని దానంతటది కుదిరేదీ కాదు.

ఏటి తరువాత ఏడు

ఒకే చేనులో ఒకేసారి కుదరని పొత్తు, ఒకదాని తరువాత ఒకటి వేసినప్పుడు చక్కగా కుదిరింది. మూడు నాలుగేళ్ళు లూసర్న్ వుంచి, దానిని దున్ని మొక్కజొన్న వేయడం అమెరికా పాడి రైతుల ఆనవాయితీ అయినది. కుళ్ళుతున్న వేళ్ళ నుంచి నత్రజని నెమ్మదిగా విడుదల అవుతుంది. మంచి లూసర్న్ చేను దున్నిన మొదటి ఏడు మొక్కజొన్నకు చాలా పొలాల్లో నత్రజని ఎరువు వేయనక్కరలేదని అక్కడి ప్రయోగాలు చూపినవి. లూసర్న్‌కు కూడా ఈ మార్పు అవసరమే. పాత లూసర్న్ మొక్కలు విడిచిన పదార్థాలు అదే నేలలో కొత్త లూసర్న్ మొలకలను ఎదగనీయవు. నడుమ వేరే పైరు రావాలి.

పంటమార్పిడి విలువను నిదానంగా చూపిన క్షేత్రం ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో 1876లో ప్రారంభమైన మారో ప్రయోగ మళ్ళు. ఏటేటా మొక్కజొన్నే వేసిన మడి ఎరువు లేనప్పుడు ఎంత క్షీణిస్తుందో, నడుమ పప్పుజాతి మేత వేసిన మడి ఎంత నిలదొక్కుకుంటుందో అక్కడ కళ్ళకు కట్టినట్లు కనబడింది. ఈ మళ్ళపై నీడ పడకూడదని ఆ విశ్వవిద్యాలయం వారు పక్కనే కట్టిన గ్రంథాలయాన్ని భూమి లోపల కట్టారు. అది 1969లో తెరచారు.

ఈ పొత్తును బలహీనపరచినది కర్మాగారం. 1913లో జర్మనీలోని ఒప్పౌలో గాలి నత్రజని నుంచి అమ్మోనియా తయారీ పెద్ద ఎత్తున మొదలైనది. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత నత్రజని ఎరువు చవక అయినది. లూసర్న్ కోసం మూడేళ్ళు ఆగవలసిన పని లేదనుకొని ఎందరో రైతులు ఏటేటా మొక్కజొన్న వేశారు. దిగుబడులు పెరిగినవి. దానితోపాటు మొక్క తీసుకోని నైట్రేటు మిసిసిపీ నదిలోకి దిగి, మెక్సికో సింధుశాఖలో ప్రాణవాయువు తక్కువైన జలప్రాంతం ఏర్పడటానికి ఒక ముఖ్య కారణమైనది. పంటమార్పిడి మీద శాస్త్రజ్ఞులు మరల దృష్టి పెట్టడానికి ఇదొక హేతువు.

పాతరలో పొత్తు

మూడవ పొత్తు మేత నిల్వలో జరుగుతుంది. ఫ్రాన్సులో ఓగూస్త్ గొఫార్ అనే రైతు పచ్చి మొక్కజొన్నను ముక్కలు చేసి, గాలి చొరకుండా అణచి, పాతరలో నిల్వచేసే పద్ధతిని ఎన్నో యేళ్ళు పరీక్షించి 1877లో గ్రంథంగా ప్రకటించాడు. మనం సైలేజి అని పిలిచే పాతర గడ్డికి ఆధునిక చరిత్ర దాదాపు అక్కడే మొదలైనది. గాలి లేనిచోట సూక్ష్మజీవులు మొక్కలోని చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మార్చుతాయి. ఊరగాయ చెడకుండా వున్నట్లే పులుపు చేత మేత చెడకుండా వుంటుంది.

మొక్కజొన్నలో చక్కెర దండిగా వుండటం వల్ల ఇది సులభంగా సాగుతుంది. లూసర్న్‌లో చక్కెర తక్కువ. అందులోని మాంసకృత్తులు, ఖనిజ లవణాలు పులుపును అడ్డుకుంటాయి. తగినంత పులుపెక్కక ముందే బ్యుటిరిక్ ఆమ్లాన్ని తయారుచేసే సూక్ష్మజీవులు విజృంభించి మేత దుర్వాసన కొడుతుంది. ఈ చిక్కుకు పరిష్కారం చెప్పినవాడు మనం ఇంతకుముందు చెప్పుకున్న విర్టానెనే. 1920ల చివరలో, పాతర వేసేటప్పుడే మేతలో ఆమ్లాన్ని కలిపి పి.హెచ్. 4 కన్న తక్కువకు దించే పద్ధతిని ఆయన రూపొందించాడు. తన పేరులోని మూడు అక్షరాలతో అది ఎ.ఐ.వి. పద్ధతి అయినది. 1945లో ఆయనకు రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి రావడానికి ఇదే ముఖ్య కారణం.

ఆమ్లం కొననక్కరలేని దారి కూడా వున్నది. లూసర్న్‌ను కొద్దిగా వాడనిచ్చి, మొక్కజొన్న ముక్కలతో కలిపి పాతర వేస్తే మొక్కజొన్నలోని చక్కెర లూసర్న్‌ను కూడా పులియబెడుతుంది. లూసర్న్ మాంసకృత్తులు మొక్కజొన్న లోటును పూరిస్తాయి. పచ్చి లూసర్న్ ఒక్కటే ఎక్కువగా తిన్న పశువుకు కడుపు ఉబ్బరం వచ్చే ప్రమాదమున్నది. మొక్కజొన్న చొప్ప వంటి మేతతో కలిపి పెడితే ఆ ప్రమాదమూ తగ్గుతుంది. చేనులో పోట్లాడుకున్న రెండు మొక్కలు పాతరలోనూ గాడిలోనూ ఒకదానికొకటి పనికివచ్చినవి.

మన ప్రాంతంలో

తెలుగు ప్రాంతాల్లో లూసర్న్ నీటి వసతి వున్నచోట పండే మేత. అక్టోబరు, నవంబరు నెలల్లో విత్తుతారు. విత్తిన రెండున్నర నెలలకు మొదటి కోత, ఆ తరువాత నెలకొక కోత వస్తుంది. నీరు నిలిచే నేల దీనికి పనికిరాదు. మొక్కజొన్న ఈ ప్రాంతాల్లో దాదాపు అన్ని కాలాల్లో పండుతుంది. కాబట్టి పాడి రైతు ఒక మడిలో లూసర్న్, మరొక మడిలో మొక్కజొన్న విడివిడిగా వేసుకుని, ముక్కలు చేసేటప్పుడు కలుపుకోవడం మేలు. మూడేళ్ళకు మళ్ళు మార్చుకుంటే పంటమార్పిడి లాభం కూడా దక్కుతుంది. ఒకే చేనులో కలిపి విత్తి, ఒకేసారి కోసుకోవాలంటే మొక్కజొన్నకు తోడుగా అలసంద తగినది. అలసంద ఏకవార్షికం, త్వరగా పెరుగుతుంది, నీడను కొంత ఓర్చుకుంటుంది, మొక్కజొన్నతోపాటే కోతకు వస్తుంది.

ఈ విషయాలను ఉన్నత పాఠశాల ఆవరణలోనే చూపవచ్చు. పొలం మట్టితో నింపిన మూడు పెద్ద కుండీలు తీసుకోవాలి. ఒకదానిలో మొక్కజొన్న, ఒకదానిలో అలసంద, మూడవదానిలో రెండూ విత్తాలి. ఎరువు వేయరాదు. నీరు సమంగా పోయాలి. ఆరు వారాల తరువాత మొక్కలను వేళ్ళతో సహా నెమ్మదిగా పెకలించి, వేళ్ళను నీటిలో కడగాలి. అలసంద బుడిపెను బ్లేడుతో కోసి చూడాలి. లోపల గులాబి రంగు వుంటే అది పనిచేస్తున్నదని గుర్తు. తరువాత మొక్కలను ఎండబెట్టి, వేరు వేరుగా తూచి, మూడవ కుండీలోని మొక్కజొన్న ఒంటరి మొక్కజొన్నకన్న బరువున్నదా, తక్కువున్నదా అని వ్రాసుకోవాలి. తక్కువ వస్తే ప్రయోగం చెడినదని అనుకోవద్దు. పక్క మొక్కకు ఎంత దక్కినదో విద్యార్థులు తమ తక్కెడతో తామే తేల్చుకున్నారన్నమాట. పాఠ్యపుస్తకంలోని ఆ వాక్యాన్ని ఆ తరువాత మరొకసారి చదివించి, దానికి ఏయే షరతులు చేర్చాలో వారినే చెప్పమనాలి.